కడిగిన బండి

నందిగామ మొత్తమ్మీద నా బండంత శుభ్రంగా ఉన్న బండి ఇంకోటి చూపించండి, మీసం తీయించుకుని సెంటర్లో తిరుగుతా. గొప్పలకి చెప్పట్లా. వెనక సీటు మీద చపాతీలు ఒత్తుకోవచ్చు. టైరు గాళ్లలో ఒక్క రాయి ముక్క దొరకదు. ఏం లాభం! అంత శుభ్రమైన బండిలో ఒక్కడంటే ఒక్కడు ఎక్కట్లా. అదీ నా ఏడుపు.

నా పేరు ఖాదర్ వలి. గాంధీ సెంటర్ దగ్గర కార్ల స్టాండులో చివరాఖరున నిలబడే తెల్ల డిజైర్ నాదే. మా మీరాబీ కరోనాలో పోయింది. కూతురు రేహానా ఖమ్మంలో కాపురం చేసుకుంటోంది, చల్లగా ఉండాలి. ఇంటికెళ్తే నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే, అది కూడా కరెంటుంటేనే. కాబట్టి నాకు మనుషులంటే వెనక సీట్లో మనుషులే. పెళ్లిచూపులకి పోయేవాళ్లు, స్కానింగుకి పోయేవాళ్లు, వాటాల కాడ కొట్టుకుని కోర్టుకి పోయేవాళ్లు. వెనక్కి తిరక్కుండా అద్దంలోంచే అందరి కష్టసుఖాలూ వినేవాణ్ణి. అడిగితే సలహా, అడక్కపోతే కూడా సలహా. నన్ను వాగుడుకాయ అంటారని నాకు తెలుసు. అననీండి.

అట్టాంటి నా బండికి ఈ గతి పట్టింది మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో. చందర్లపాడు దశరథరామయ్యగారని, పెద్ద రైతు, నాకు పాత బేరం. ఆయన భార్య పుష్పవతమ్మగారు బెజవాడ ఆస్పత్రిలో ఉన్నారు. ఓ రోజు ఆయనే ఫోన్ చేసి, "ఖాదరూ, మీ అమ్మగారిని ఇంటికి తీసుకుపొమ్మంటన్నారు, బండి తీసుకురా" అన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నారంటే దాని అర్థమేంటో మనందరికీ తెలిసిందే. అంబులెన్స్ మాట్లాడదామంటే ఆయన వద్దన్నాడు. ఆ కూత వింటే ఆవిడ భయపడుద్దంట.

వెనక సీట్లో ఎడమవైపు ఆవిడ, పక్కన ఆయన. ఎక్కించిన దగ్గర్నుంచీ ఆవిడ పెదవి విప్పిందే లేదు. గొల్లపూడి దాటిందగ్గర్నుంచీ ఆయన ఏదో ఒకటి చెబుతానే ఉన్నాడు. కాయ రేటు గురించి, ఈనిన గేదె గురించి. పరిటాల వచ్చింది. "అదిగో ఆంజనేయస్వామి, దణ్ణం పెట్టుకో" అన్నాడు. ఆవిడ చెయ్యి లేవలా. కాసేపు చూసి, ఆయనే ఆవిడ రెండు చేతులూ తీసి జోడించాడు. అద్దంలో నేను చూశా. నేను చూశానని ఆయనా చూశాడు. బండి ఆపమన్లేదు, నేనూ ఆపలా. ఊరొచ్చేదాకా ఆయన చెప్పడం మానలేదు, చేలు చూపించడం మానలేదు. నా స్టీరింగ్ మీద నీళ్లు పడుతుంటే తుడుచుకుంటా తోలా.

వాళ్ల వాకిట్లో దింపేటప్పటికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. "బండిలోనే పోయిందంట" అన్నారెవరో. అంతే. నేను నందిగామ చేరేలోపు ఆ మాట నాకంటే ముందే స్టాండుకి చేరింది.

మర్నాడు పొద్దున్నే కల్యాణ్ గాడు, నా పక్కన బండి పెట్టే కుర్ర డ్రైవరు, టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "బాబాయ్, పసుపునీళ్లు చల్లావా?" అన్నాడు. "పోరా, మనిషి పోతే బండేం చేసింది?" అన్నా. వాడు నవ్వాడు. ఆ వారం నాకు ఒప్పుకున్న పెళ్లి బేరం పోయింది. తర్వాత వారం బారసాల బేరం పోయింది. తిరుపతి బేరం సంగతి చెప్పనే అక్కర్లా. అందరూ మర్యాదస్తులే, మొహం మీద ఎవరూ అనరు. "వేరే బండి కుదిరింది ఖాదర్" అంటారు. ఎదురుగా కనపడితే నా మొహం చూడరు, బండి వెనక డోరు చూస్తారు.

నాకు ఒళ్లు మండిపోయేది. ఆస్పత్రి మంచాల మీద ఎంతమంది పోతారయ్యా! పొద్దున ఒకరు పోతే సాయంత్రం ఇంకొకరు అదే మంచం కోసం రికమెండేషన్లు పెట్టుకుంటారు. మీ ఇళ్లల్లో మీ తాతలు పోలేదా? ఆ గదిలోనే కదా ఏసీ పెట్టించుకుని పడుకుంటున్నారు? నా బండికేనా మైల? ఇదంతా గొంతు దాకా వచ్చేది, మింగేవాణ్ణి. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుద్ది.

సరే, వాళ్ల నమ్మకం వాళ్లది, నా బండి కడగడం నా చేతుల్లో పని కదా అని మొదలెట్టా. మొదట వాటర్ వాష్. జాకీ మీద లేపించి అడుగునంతా ప్రెషర్ నీళ్లతో కొట్టించా. తర్వాత సీటు కవర్లు పీకేశా. పాతవి ఇంట్లో ఉంచడం కూడా ఎందుకని మూటగట్టి మున్నేట్లో వదిలేశా. సీట్ల స్పాంజికి షాంపూ పట్టించి ఎండలో ఆరబెట్టా. మ్యాట్లు కొత్తవి. డోరు సందులన్నీ పాత టూత్ బ్రష్షుతో తోమా, ఏసీ గాలి వచ్చే జల్లెళ్లు కూడా. వాక్యూం మిషన్ పెట్టి సీట్ల మధ్య పేరుకున్న చెత్తంతా లాగేశా. అయినా ఎవరూ ఎక్కలా. టీ కొట్టు ఆవిడ చెప్పిందని పసుపునీళ్లు చల్లా, సాంబ్రాణి వేసి అద్దాలెత్తి పొగ పట్టించా, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు తోలా. శుక్రవారం మసీదుకెళ్లే మనిషిని, నిమ్మకాయలు తొక్కించా! కల్యాణ్ గాడు చూసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల బాబాయ్? ఆ రోజు ఆ బేరం ఒప్పుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.

వాణ్ణి కొట్టినంత పని చేశా. ఒప్పుకోకుండా ఎట్టా ఉంటార్రా? మనిషి చావుబతుకుల్లో ఉంటే!

పుండు మీద కారం చల్లినట్టు ఈ మధ్యలోనే ఇంకోటి జరిగింది. పుష్పవతమ్మగారి పెద్దకర్మకి చుట్టాల్ని తీసుకురావడానికి బండి కావాల్సొచ్చింది. ఎవరి బండి మాట్లాడారనుకున్నారు? కల్యాణ్ గాడిది. రామయ్యగారి అన్న కొడుకు హరిచరణ్ స్టాండుకి వచ్చి, నా ముందు నుంచే నడుచుకుంటూ పోయి మాట్లాడుకున్నాడు. ఆవిణ్ణి ఇంటికి చేర్చింది నా బండి. ఆవిడ కర్మకి పనికిరానిది కూడా నా బండే. ఆ రోజు టిఫిను కూడా సహించలా నాకు.

ఒక్కసారి మాత్రం బేరం తగిలింది. ఆమనిగారని, జగ్గయ్యపేట ఆవిడ, చీరల కొట్టు సంచులతో వచ్చి ఎవర్నీ అడక్కుండా నా బండే ఎక్కింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్ని కబుర్లు చెప్పానో! వాళ్లమ్మాయి చదువు, వాళ్లాయన షుగరు, అన్నీ అడిగా. ఆవిడా బాగా మాట్లాడింది. చిల్లకల్లు టోల్‌గేటు ముందర ఆవిడకి ఫోనొచ్చింది. "ఆఁ, తెల్ల బండే... ముసలాయన... ఏంటీ?" అంది. అంతే, మాట ఆగింది. అద్దంలో చూద్దును కదా, సీటుకి వీపు ఆనించకుండా ముందుకు జరిగి, సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టోల్‌గేటు దాటగానే, "ఇక్కడ ఆపండి, మా వాళ్లొస్తున్నారు" అని దిగింది. ఎవరూ రాలేదు. నేను యూ టర్న్ తిప్పుతుంటే ఆవిడ ఆటోకి చెయ్యెత్తుతోంది. ఇంటిదాకా ఇచ్చే బాడుగ మొత్తం సీటు మీద పెట్టి వెళ్లింది మహాతల్లి. ఆ డబ్బులు ముట్టుకుంటే ఏడుపొచ్చింది నాకు.

ఆ తర్వాత ఇక బేరాలు అడగడం మానేశా. నిలబెట్టిన బండికి ఇంకో రోగం ఉంటుంది. బరువంతా టైరు ఒకే చోట పడి, అక్కడ అణిగిపోయి, తోలితే దడదడలాడుద్ది. అందుకని రోజూ పొద్దున్నే వెళ్లి బండిని కాస్త ముందుకో వెనక్కో జరిపేవాణ్ణి. గాలి చూసుకునేవాణ్ణి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించా, తిరిగిందేం లేకపోయినా. తర్వాత పీట వేసుకుని టైరు ముందు కూర్చుని, స్క్రూడ్రైవరుతో గాళ్లలో రాళ్లు తీసేవాణ్ణి. తిరగని టైర్లో రాళ్లెక్కణ్ణుంచి వస్తాయి? రావు. అయినా వెతికేవాణ్ణి. ఏం చెయ్యను మరి? నోరుంది, వినేవాళ్లు లేరు. టైరుతో మాట్లాడేవాణ్ణి. "నీకైనా నాకైనా మనుషులు ఎక్కితేనేరా విలువ" అనేవాణ్ణి. కల్యాణ్ గాడు మొదట్లో నవ్వేవాడు, తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు. వాడు జాలిగా చూడటం మొదలెట్టాక నాకు నిజంగా భయమేసింది.

తొలకరి పడింది. ఓ పొద్దున చందర్లపాడు బస్సు దిగి ఎవరో మెల్లగా స్టాండు వైపు వస్తున్నారు. దశరథరామయ్యగారు. చిక్కి సగమయ్యాడు. కల్యాణ్ గాడు గబగబా ఎదురెళ్లి, "రండి పెద్దాయనా, మన బండుంది" అన్నాడు.

"ఖాదర్ బండేది?" అన్నాడాయన, అందరికీ వినపడేట్టు.

పరుగున పోయి వెనక డోరు తీశా. ఆయన ఎడమవైపే ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికని కూడా అడగలా నేను, ఆనందం పట్టలేక నోటికొచ్చినట్టు మొదలెట్టా.

"చూడండి రామయ్యగారూ, బండి ఎట్టా పెట్టానో! కవర్లు కొత్తవండీ. స్పాంజి రెండుసార్లు షాంపూతో కడిగా. పసుపునీళ్లూ, సాంబ్రాణీ అన్నీ అయినయ్యి. ఆ రోజు తాలూకు వాసన గానీ మరక గానీ ఉంటే నన్ను చెప్పుతో కొట్టండి!"

ఆయన సీటు తల ఆనించే చోట అరచెయ్యి పెట్టి నిమిరాడు. "ఇక్కడ కొబ్బరినూనె మరక ఉండాలే" అన్నాడు. "దాని తల ఇక్కడే ఆనింది."

"కడిగేశానండీ."

"పాత కవరు?"

"మున్నేట్లో వేశానండీ."

"ఏదన్నా పడిపోయి దొరికిందా? పిన్నీసో, జడలో పువ్వో?"

వాక్యూం పెట్టి అంతా లాగేశానని ఎట్టా చెప్పను? తల అడ్డంగా ఊపా.

"కర్మలయ్యేలోపు ఇంట్లో అన్నీ తీసేశారు ఖాదరూ. పరుపు కాల్చేశారు. చీరలు పంచేశారు. గోడలకి సున్నం కొట్టించారు. ఇన్నాళ్లూ చుట్టాలు గడప దాటనివ్వలేదు. నీ బండొక్కటి మిగిలుంటదిలే, ఓసారి పోయి కూర్చుందామనుకున్నా" అన్నాడు. తర్వాత, నన్ను నొప్పించకూడదనేమో, "బాగా కడిగావులే" అన్నాడు. ఒక కాలు కింద పెట్టాడు. "పోతా. బస్సు మళ్లీ తిరిగిద్ది."

యా అల్లా, అప్పుడు నాకు కలిగిన బాధ పగవాడిక్కూడా వద్దు. బండిలో ఎవరన్నా కూర్చుంటే చాలని ఇన్నాళ్లూ తోమి తోమి, తీరా కావాలని వచ్చిన ఒక్క మనిషికీ ఇందులో ఏమీ లేకుండా చేశా. ఏమన్నా ఇద్దామంటే నా దగ్గరేముంది? నోరు తప్ప.

"అమ్మగారు నాతో ఒక మాటన్నారండీ" అన్నా.

ఆయన ఆగాడు. "ఎప్పుడు?"

"ఆస్పత్రి దగ్గర ఎక్కించాక మీరు మందుల కోసం లోపలికెళ్లారు చూడండి, అప్పుడు. మీకు చెప్పే సందర్భం రాలేదు."

"ఏమంది?"

"'అబ్బాయ్, బండి అద్దంలా పెట్టుకున్నావు. మా ఆయన కల్లంలోంచి అట్టాగే వచ్చాడు, ఆ చెప్పులతోనే ఎక్కేశాడు. మట్టి చేశాడని ఆయన్నేమీ అనకు నాయనా. ఇంటికెళ్లాక దిగేటప్పుడు నే తుడిచిపోతాలే' అన్నారండీ."

రామయ్యగారు నన్నే చూస్తున్నాడు. "తుడిచిపోతానందా?"

"అవునండీ. గుడ్డ ఎక్కడుందో కూడా అడిగి పెట్టుకున్నారు."

ఆయన ముందు నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే మొహం కండువాలో పెట్టుకుని, స్టాండు మొత్తం చూస్తుండగా బావురుమన్నాడు. కల్యాణ్ గాడు అటు తిరిగి నిలబడ్డాడు. నేను డోరు పట్టుకుని అట్టాగే ఉన్నా.

"ఇంకేమంది?" అన్నాడాయన చాలాసేపటికి.

"చాలా అన్నారండీ. మీరు తొందరగా రాలేదుగా."

"అయితే పరిటాల దాకా పోయొద్దాం. నిదానంగా పోనీయ్. మొదట్నుంచీ చెప్పు" అని, కింద పెట్టిన కాలు లోపలికి తీసుకోబోయి ఆగాడు. చెప్పు నిండా నల్లమట్టి, రాత్రి వాన తాలూకు బురద. వంగి, డోరు అంచుకి దులుపుకోబోతున్నాడు.

"ఉండనీండి" అన్నా. "అట్టాగే ఎక్కండి."