ఉప్పుగాలికి భయపడ్డ మొగుడు

ఆడి నెలంతా, అదే ఆషాఢమంతా, కొత్త పెళ్లికూతురు పుట్టింట్లోనే ఉండాలి. నన్ను తీసుకుపోవడానికి మర్నాడే అమ్మ వస్తుంది. అందుకని మా ఆయన నరేన్ రాజపాళయం నుంచి కారు తీసి, సముద్రం ఒడ్డునున్న రేవు ఊళ్లు చూపిస్తానన్నాడు.

చూపించాడు, కిటికీ అద్దంలోంచి! ఉప్పుగాలికి పెయింట్ పోతుందట. తూత్తుకుడిలో రేవుకు రెండు వీధుల ఇవతలే ఆపాడా మహావీరుడు. నేను నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ ఊరి జీడిపప్పు మిఠాయి మక్రూన్లు తింటూ మురిసిపోతుంటే, ఆయన బానెట్ తుడుచుకున్నాడు. కాయల్‌పట్టినంలో అసలు దిగనేలేదు.

మనప్పాడులో రంగురంగుల పడవలు కనిపించగానే తలుపు తీసుకుని పరుగెత్తాను.

"జననీ, చీర తడిస్తే సీటు గతేమి?" అని అరిచాడు.

"సీటునే పక్కన కూర్చోబెట్టుకోని పొండి! నేను బస్సులో వస్తా. రేపు అమ్మ వచ్చినాక నెలంతా దాంతోనే మాట్లాడుకోండి."

మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత పట్టుకుని పక్కకు వచ్చాడు.

"కారో?"

"గాలికే వదిలేసినా. అద్దాలు మట్టుకు ఎక్కించినా."

ఎంత త్యాగమో! మూతి తిప్పుకుని, ఆయన చెయ్యి పట్టి ఇంకాస్త లోతుకు లాగాను.