ఉసురుకు ఎన్ని అర్థాలు

పెద్ద బేసిన్లో పులిహోర కలుపుతూ శ్యామసుందరి గట్టుకు చెయ్యి ఆనించింది. వాచిన పాదాల మీద చెప్పుల పట్టీలు అచ్చులు వేశాయి. పులిహోర సాయంత్రం తెలుగువాళ్ల మీటింగుకు.

క్వేకర్స్ హిల్‌లోని ఆ ఇంటి పైగదులను ఆమె భర్త ద్వారకానాథ్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు అద్దెకిచ్చాడు. వంట, ఉతుకు ఆమె వంతు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న ఆ డిసెంబరులో, ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటినీ వాళ్లే కాపాడుతున్నారు. తిన్న కంచం సింకు దాకా తెచ్చేవాడు మాత్రం లేడు.

చేతులు కడుక్కొని, ఉతికిన బట్టలతో మెట్లెక్కింది. మలుపులో తనే వేసుకున్న పీట మీద కూలబడింది. పైనుంచి శ్రీపతి దిగుతున్నాడు. ఇంట్లో కారున్నది అతనొక్కడికే. ఒక్కతే వెళ్లి డాక్టరుకు చెప్పుకునే ఇంగ్లీషు ఆమెకు లేదు.

"ఉసురు నిలవటం లేదు బాబూ. పడుకుంటే మరీను. కాస్త డాక్టరు దగ్గర దింపుతావా?"

అతని కళ్లు మెరిశాయి. "ఉసురా! ఆంటీ, మళ్లీ అనండి! ఈవెనింగ్ నా టాక్ దాని మీదే. బుక్స్‌లో వెతికి చచ్చాను, మాట్లాడేవాళ్లే దొరకలేదు."

"మీ అంకుల్ ఆవిరి పట్టమన్నారు. పట్టాను. తగ్గలేదు."

"ఉసురు పోసుకోవటం అంటారు కదా, అదెప్పుడు వాడతారాంటీ?"

ఆమె అతని వంక చూసింది. "నోరులేనిదాన్ని ఏడిపించినప్పుడు."

"సూపర్! మండే తీసుకెళ్తా. ప్రామిస్." పీట దాటుకొని దిగిపోయాడు.

సాయంత్రం హాల్లో శ్రీపతి బాగా మాట్లాడాడు. ఉసురంటే ఊపిరి. ఉసురంటే ప్రాణం. కావ్యంలో విరహిణి ఉసురుసురంటుంది. పల్లెలో పేదవాడి ఉసురు ఆసామికి తగులుతుంది. "మా ఆంటీ మార్నింగే అన్నారు, ఉసురు నిలవటం లేదని. లివింగ్ లాంగ్వేజ్ అంటే అదండీ!"

చప్పట్లు కొట్టారు. ద్వారకానాథ్ పక్కవాడి వైపు వంగి, "మా ఆవిడే" అన్నాడు. పులిహోర బాగుందని అందరూ అన్నారు.

ఆ దేశంలో డిసెంబరంటే ఎండాకాలం; వాళ్లు ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. శ్యామసుందరి పీట మీదే గోడకు ఆనుకొని ఉంది. ఒళ్లో శ్రీపతి చొక్కాలు, మడత చెదరలేదు. ద్వారకానాథ్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం పట్టుకున్నాడు.

కర్మకాండ అయ్యాక శ్రీపతి వేరే ఇల్లు చూసుకున్నాడు. చొక్కాలు తీసుకెళ్లాడు. ఆ గదిలోకి మరో కుర్రాడు వచ్చాడు.

పీట మెట్ల మలుపులోనే ఉంది. పైకెళ్లేవాళ్లు దాన్ని దాటుకొని వెళ్తున్నారు.