చక్రానికి నూనె వద్దు

గాలి తోడే పంపు మీది ముల్లు సగం దాకా దిగి, అక్కడే మొండికేసింది. పక్కనే ఉక్కు డ్రమ్ము. అందులో నలుగురు కలిసినా కదపలేని చక్రం. దాన్ని అయస్కాంతాలే ఎత్తి పట్టుకోవాలి, దేనికీ తగలకూడదు, చుట్టూ గాలి కూడా ఉండకూడదు. అలా తిరిగితేనే కరెంటు దాచుకుంటుంది. ఈరోజు ఆ కరెంటుతో దీపాలు వెలిగితే షెడ్డు ఈ చక్రం చేసినవాళ్లది, వెలగకపోతే బ్యాటరీల కంపెనీది. ఆ కంపెనీ మేనేజరు అప్పుడే వచ్చి, టేపుతో గోడలు కొలుస్తున్నాడు.

"ఎక్కడో లీకుంది," అంటూ ఇంజినీరమ్మ బోల్టులన్నీ మళ్లీ బిగిస్తోంది.

ఆమె మేనమామ, ఫిట్టరు, గతుక్కుమన్నాడు. అయస్కాంతాలు వదిలేస్తే చక్రాన్ని పట్టుకోవడానికి అడుగున ఒక బేరింగు ఉంది. పొద్దున మూత వేయబోతుంటే అది పొడిపొడిగా కనిపించింది. పని నేర్చిన నాటి నుంచి నూనె వేయకుండా మూత బిగించని చెయ్యి ఊరుకుంటుందా?

"లీకు కాదమ్మాయ్. నేనే."

"నువ్వేంటి మావయ్యా?"

"కింది బేరింగులో చుక్క నూనె వేశా."

"గాలి తోడేస్తే నూనె ఆవిరవుతూనే ఉంటుంది కదా! ముల్లెలా దిగుతుంది? చుక్కేనా?"

"...రెండు."

ఆమె పకపకా నవ్వేసింది. "నీకో దండం! పొద్దుట్నుంచి పాపం బోల్టుల్ని తిడుతున్నా. తియ్యి మూత!"

బేరింగును స్పిరిటుతో కడిగి ఆరబెట్టారు. ఆమె నూనె డబ్బా లాక్కుని మేనేజరు చేతిలో పెట్టింది. "పట్టుకోండి సార్. మా మావయ్య ఏడ్చినా ఇవ్వకండి."

ఈసారి ముల్లు జరజరా అడుగుకు దిగింది. మీట నొక్కగానే చక్రం వెంట్రుక మందాన పైకి లేచింది. మోటారు అందుకుంది. ఫిట్టరు డ్రమ్ముకు చెవి ఆనించాడు. గరగర లేదు, గుసగుస కూడా లేదు.

"ఆగిపోయిందే!"

"అంకెలు చూడు మావయ్యా, అంకెలు!"

తెర మీద వేగం పరుగులు పెడుతోంది. ఆమె మెయిన్ స్విచ్ దించేసింది.

దీపాలు రెప్ప కూడా వేయలేదు. తనను మోస్తున్న అయస్కాంతాలకు కూడా చక్రమే కరెంటు ఇచ్చుకుంటోంది.

మేనేజరు దీపాలకేసి చూసి, టేపు చుట్టేశాడు. "మేం వేరే షెడ్డు చూసుకుంటాం లెండి," అన్నాడు. "ఇంకాసేపు ఉండి చూడొచ్చా?"

జవాబు చెప్పడానికి ఫిట్టరు అక్కడ లేడు. ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకునే మనిషి, వీధి గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్లందరినీ కేకేస్తున్నాడు: "లోపలికి రండయ్యా, రండి! మెయిన్ ఆపేసినా వెలుగుతున్నాయి!"