ముప్పై రెండో వరస

బడికి వెళ్ళేలోపు మంచినీళ్ళ బిందెలు తోమి నింపడం నా పని. పంపు దగ్గర వంతు కోసం నిలబడి, రెండు బిందెలు మోసుకొచ్చి, అత్తగారు సుందరమ్మకు కాఫీ ఇచ్చి, తెనాలి ఆఫీసుకెళ్ళే మా ఆయన ఇస్సాకుకు క్యారియర్ కట్టాకే నేను దేవకుమారి టీచర్ని అవుతాను.

శుక్రవారం చివరి పీరియడులో ఏడో తరగతికి బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తాను. జవాబు పుస్తకంలో ఉండదు, నేనూ చెప్పను. సోమవారానికి ఊళ్ళో వెతికి తేవాలి. ఎవరు చెప్పారో, ఎక్కడ రాసి ఉందో చూపించాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే మూడో చోట అడగాలి. రేపల్లెలో బయల్దేరి పదింటికల్లా బాపట్ల చేరాలంటే ఏ రైలెక్కాలి అన్నది మొదటి ప్రశ్న. మీ టీచరమ్మకి వేరే పనేం లేదా అని స్టేషన్లో నవ్వారట, నవ్వి మొత్తం పట్టిక చూపించారట.

ఒక వారం ప్రశ్న ఆ తరగతిలోని దిల్షాదే ఇచ్చింది. చెల్లికి విరేచనాలు, నీళ్ళకు ఏడుస్తోంది, ఇస్తే ఇంకా ఎక్కువవుతాయని నానమ్మ ఇవ్వనివ్వడం లేదు, ఎవరి మాట వినాలి అని చీటీ మీద రాసింది. అది చదివి నేను సోమవారం దాకా ఆగలేదు. దిల్షాద్‌నీ పాపనీ నానమ్మనీ వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. నర్సు మా ముగ్గురినీ కోప్పడింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపమంది. రెండు రోజుల్లో పాప కోలుకుంది. నర్సు మాటలు నేను ఎందుకు రెండుసార్లు అడిగి రాసుకున్నానో దిల్షాద్‌కు తెలియదు.

మా కూతురు కరుణకు అప్పుడు ఏడాదిన్నర. ఎనభై ఆరు ఏప్రిల్లో నన్ను పరీక్ష పేపర్లు దిద్దడానికి బాపట్ల వేశారు, సెలవు అడిగితే ఇవ్వలేదు. విరేచనాలతో నీరసించిన పిల్లను తీసుకుని తెనాలి ఆస్పత్రికని మా ఆయనా అత్తయ్యా రేపల్లె నుంచి, కబురంది నేను బాపట్ల నుంచి బయల్దేరి తెనాలి ప్లాట్‌ఫారం మీద కలిశాం. అప్పటికే అత్తయ్య ఒళ్ళో పిల్ల చల్లబడిపోయింది. ఏటా ఆ రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళగానే మా ఆయన ఒకటే మాట అంటారు: "నువ్వు ఇంట్లో ఉండుంటే పిల్ల దక్కేది." ఉద్యోగం మానమని మాత్రం ఏనాడూ అనలేదు. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

తర్వాతి శుక్రవారం దిల్షాద్ ప్రశ్నే బోర్డు మీద రాశాను. సోమవారానికి పెద్ద కాగితం మీద పట్టిక తయారైంది. ముప్పై ఒక్క ఇళ్ళు. ఇరవై రెండిళ్ళలో నీళ్ళు ఇవ్వరు. ఎవరు చెప్పారు అన్న గడిలో అమ్మమ్మ, నానమ్మ, పక్కింటి పిన్ని. ఎక్కడ రాసి ఉంది అన్న గడి ఖాళీ.

"టీచర్, మన బళ్ళోనే ఉందండి," అంటూ ధనమ్మ అనే పిల్ల ఆఫీసు గది బీరువా మీది కట్ట దింపుకొచ్చింది. పాత పేపరు చుట్టి, పురికొస బిగించి ఉంది. పైన నా చేతిరాత: ఆరోగ్యం చార్టులు, 1985. అప్పట్లో అవి బడికి రాగానే, అమ్మా, వీటికి దుమ్ము పట్టకుండా చూడండి అన్నారు హెడ్మాస్టరుగారు. కట్టలు కట్టడం, టీ గ్లాసులు కడిగించడం, జెండా పండక్కి ముగ్గులెయ్యడం మా బళ్ళో ఆడ టీచర్ల పనులు. నేను శుభ్రంగా కట్టాను. విప్పి చూడలేదు. లోపల, ఒక తల్లి బిడ్డకు చెంచాతో నీళ్ళు తాగిస్తున్న బొమ్మ.

పట్టికా చార్టూ రెండూ ఇంటికి తెచ్చాను. బియ్యం ఏరుతున్న అత్తయ్య చేట పక్కన పెట్టి, బైబిలు చదివేటప్పటిలా అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివింది.

"ఇందులో మన ఇల్లు లేదేం?"

"పిల్లల ఇళ్ళు మాత్రమే రాశామండి అత్తయ్యా."

అత్తయ్య చార్టు ఒళ్ళోకి లాక్కుంది. అందులో బొమ్మ వైపు చూస్తూ అంది. "పిల్ల గ్లాసు వంక చెయ్యి చూపించిందే. నేను కొంగు తడిపి పెదాలు తుడిచాను. రాయి."

గీత గీసి ముప్పై రెండో వరస కలిపాను. ఇల్లు: మాది. నీళ్ళు: ఇవ్వలేదు. ఎవరు చెప్పారు దగ్గర నా కలం ఆగింది. "సుందరమ్మ అని రాయి," అంది.

చివరి గడి నాది. ఎక్కడ రాసి ఉంది: మా బడి బీరువా మీద. కట్ట కట్టింది దేవకుమారి. రాసి, పైకి చదివి వినిపించాను.

అయిదేళ్ళుగా మా ఆయన అంటున్న మాటకు ఆ పట్టికలో గడి లేదు.

అత్తయ్య మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, వంటింట్లోంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"తాగు. సాయంత్రం రైలుకి వాడు రానీ, ఇది నేనే చదివి వినిపిస్తాను."