వెనక గది కింద

ఇల్లు కట్టి పది నెలలైంది. వెనక గదిలో చెక్క నేల కిర్రుమనడం రెండో నెలలోనే మొదలైంది. తలుపు నుంచి కిటికీ దాకా ఏడడుగులు వేస్తే నాలుగు చోట్ల మోగేది. ఐదో నెలలో ఆ గదికీ వంటింటికీ మధ్య గోడ మీద బీట కనిపించింది. పైమూలలో మొదలై, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా కిందికి దిగింది.

ఆమె పదమూడేళ్లు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసింది. బీట చివర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసింది. మూడు వారాలకు బీట గీత దాటింది. ఇంకో గీత గీసింది. ఇప్పుడు గోడ మీద ఆరు తేదీలున్నాయి.

ఇల్లు కట్టింది భర్తకు బావ, అంటే అక్క మొగుడు. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నాడు. జేబులో ఎప్పుడూ ఓ గాజు గోళీ ఉంటుంది కాబట్టి చుట్టాల్లో అతని పేరు గోళీ బావ. ఇల్లు అప్పగించిన రోజు ప్రతి గదిలోనూ నేల మీద గోళీ పెట్టి, అది కదలడం లేదని అందరికీ చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేల సంగతి ఎత్తినప్పుడల్లా ఆమెకు ఒకటే జవాబు చెప్పేవాడు.

"కొత్తిల్లు కదా చెల్లెమ్మా. ఏడాది పాటు కుదురుకుంటుంది. కొత్త చెప్పులు కరవవూ? ఇదీ అంతే."

"చెప్పులు కరిస్తే విప్పేస్తాం అన్నయ్యా. నేలని ఏం చెయ్యను?"

"మీ ఆవిడతో నెగ్గలేం రా బాబూ!" అని భర్త వీపు చరిచి, బీట మీద పుట్టీ రాసి వెళ్లిపోయేవాడు. నెల తిరక్కుండా పుట్టీ కూడా పగిలేది.

ఈ నెల మొదట్లో ఆమె ఉద్యోగం మానేసింది. వెనక గదికి పక్క సందులోంచి వేరే తలుపుంది. అక్కడ రక్తం నమూనాలు తీసుకునే సొంత కేంద్రం పెట్టడానికి దరఖాస్తు చేసింది. గది చూడటానికి లైసెన్సు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చింది. యాభై ఏళ్లావిడ. రెండడుగులు వేసి ఆగింది. కాలు తీసి మళ్లీ అక్కడే పెట్టింది. నేల మళ్లీ కిర్రుమంది.

"ఈ చెక్కల సందుల్లో రక్తం ఒలికితే ఎక్కడికి పోతుంది?"

"కిందికి," అంది ఆమె.

"కింద ఏముంది?"

ఆమెకు తెలియదు. పదిహేను రోజుల్లో నేల, గోడ బాగుచేయించమని, మళ్లీ వస్తానని, అప్పుడూ ఇలాగే ఉంటే దరఖాస్తు కొట్టేస్తారని, ఆ తర్వాత ఏడాది దాకా కొత్తది తీసుకోరని ఇన్‌స్పెక్టరు చెప్పింది.

గోళీ బావ నాలుగు రోజులు ఫోనెత్తలేదు. ఐదో రోజు ఎత్తి, కుదురుకుంటుందన్నాడు. ఆరో రోజు పొద్దున్న ఆమె చుట్టరికం లేని వడ్రంగిని పిలిచింది.

వడ్రంగి సుత్తి పిడితో నేలను తడుతూ గదంతా తిరిగాడు. కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ముక్కు చెక్కల దగ్గర పెట్టాడు.

"వంటింటి మురుగు గొట్టం ఇటు వస్తుందా అమ్మా?"

"రాదు. అటు పోతుంది."

"మరి ఈ కంపేంటి?"

కంపు ఆమెకు కొత్త కాదు. కొత్త చెక్క వాసన అని భర్త చెప్పేవాడు. వారానికో సెంటు స్ప్రే డబ్బా తెచ్చి తలుపు దగ్గర పెట్టేవాడు.

"పలక లేపండి మేస్త్రీ," అంది.

ఆ గది పల్లంలో ఉంది. రెండున్నర అడుగులు మట్టి నింపి, జానెడు మందం చొప్పున తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద కాంక్రీటు పోసి, ఆపైన చెక్క వెయ్యాలి. పని అలాగే చేశానని గోళీ బావ చెప్పాడు. వడ్రంగి మూడు పలకలు లేపాడు. కాంక్రీటు లేదు. రెండు వేళ్ల మందం ఇసుక ఉంది. ఇసుకలో గునపం గుచ్చితే సగం దాకా దిగింది. పైకి లాగితే మొనకు సిమెంటు సంచి తగులుకుని వచ్చింది. సంచి వెనకే కంపు వచ్చింది. వడ్రంగి లేచి, సందు వైపు తలుపు తీసి, బయట ఉమ్మి వచ్చాడు.

సంచుల కింద టైలు ముక్కలు, థర్మకోలు, రంగు డబ్బాలు ఉన్నాయి. కూలీలు తిని పారేసిన అన్నం పొట్లాలు ఉన్నాయి, అన్నం నల్లగా గడ్డకట్టింది. మూత బిగించిన నీళ్ల సీసాలు నాలుగున్నాయి. వాటిలో ఉన్నవి నీళ్లు కావని రంగు చూస్తేనే తెలుస్తోంది. ఒక ఎలుక ఉంది, తోకను బట్టి ఎలుక. అన్నిటి కిందా చుట్టచుట్టిన పరుపు ఒకటి, నీరు పీల్చి ఉబ్బిపోయి ఉంది. వడ్రంగి గునపంతో దాని అంచు లేపాడు.

నీలం చారలు. అద్దింట్లో ఆమె తొమ్మిదేళ్లు ఆ పరుపు మీదే పడుకుంది.

పరుపు మడతలో ఫ్రిజ్‌ డబ్బా మూత దొరికింది. మూత మీద కాగితం, కాగితం మీద ఆమె చేతిరాతలో తేదీ. అద్దిల్లు ఖాళీ చేసిన వారానిది, అప్పటికి ఈ గది పని ఇంకా కాలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి సింకులో వాంతి చేసుకుంది.

భర్త మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"మన పరుపు ఇక్కడికెలా వచ్చింది?" అని అడిగింది.

"బావ లారీలో వేశాను కదా, చెత్తతో పాటు..."

"లారీలోంచి?"

అతను వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి ఉలికి అంటిన ఇసుక తుడుస్తున్నాడు.

"మట్టి లారీలు దొరకడం లేదు, ఏదో ఒకటి నింపాలి అన్నాడు బావ. ఓ చెయ్యి వెయ్యరా అన్నాడు. వేశాను. పైన చెక్క పడితే ఎవరికి కనిపిస్తుంది అన్నాడు."

"మీకు కనిపించిందిగా."

"అది కుదురుకుంటుందని..."

"మీరు ఈ గదిలోకి ఎందుకు రారో ఇప్పుడర్థమైంది."

పది నెలల్లో అతను ఆ గదిలో కూర్చోగా ఆమె చూడలేదు. ఏదైనా కావాలన్నా గుమ్మంలో నిలబడి చెయ్యి చాచేవాడు. ఇల్లంతా చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. ఆమెను మాత్రం అక్కడ సొంత కేంద్రం పెట్టుకోమన్నాడు, బోర్డు రంగు కూడా తనే ఎంచాడు.

నాలుగింటికి గోళీ బావ వచ్చాడు. గోతిలోకి తొంగి చూసి, ముక్కు మూసుకోకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంత దానికి గాభరా ఎందుకు చెల్లెమ్మా? రేపొద్దున్నే వస్తాను. చెక్కలు వేసేసి, మీద ప్లాస్టిక్‌ షీటు పరిచి అంటించేస్తాను. బొట్టు రక్తం కిందికి దిగదు. గోడకు పుట్టీ, రంగు. ఆవిడ వచ్చి గంట ఉంటుందేమో. ఆ గంట నిలబడితే చాలు."

"గంట తర్వాత?"

"లైసెన్సు నీ చేతిలో ఉంటుంది."

ఆమె గోడ మీది ఆరు తేదీల వైపు చూసింది. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఉద్యోగం లేదు. షీటు పరిస్తే నిజంగానే కిందికి ఏదీ దిగదు. ఎవరో ఒక పేషెంటు వచ్చి ఇక్కడ కుర్చీలో కూర్చుంటుంది, చొక్కా చెయ్యి పైకి మడుస్తుంది. తను దూదితో చర్మం తుడుస్తుంది. కుర్చీ కింద షీటు, షీటు కింద చెక్క, చెక్క కింద ఆ సీసాలు.

"తియ్యండి, మొత్తం," అంది.

"మొత్తమా? సరే, రేపు నలుగురు కూలీలను పంపిస్తా."

"కూలీలెందుకు? వేసింది మీరిద్దరూ. మీరిద్దరే తియ్యండి."

"పక్కవాళ్లు చూస్తారు చెల్లెమ్మా."

"చూడనివ్వండి. నేను రోజూ ఇందులోనే ఉంటున్నాను, వాళ్లు ఓసారి చూస్తే పోయేదేముంది?"

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి బావా బావమరుదులు మూతికి గుడ్డలు కట్టుకుని గోతిలోకి దిగారు. తొమ్మిదింటికి వదిన ఫోన్‌ చేసింది.

"ఆయన్ని గోతిలో దించావట. సొంత మనుషుల పరువు ఇలా తీస్తారా?"

"పరువు కూడా అందులోనే ఉందేమో వదినా. వెతుకుతున్నారు. దొరికితే కడిగి పంపిస్తాను."

మూడు రోజులు తీశారు. పక్కింటావిడ సందు వైపు కిటికీ మూసేసింది. చెత్తబండివాడు ఒక ట్రిప్పు తీసుకెళ్లి, రెండోదానికి రానన్నాడు. మూడో రోజు గోడ అడుగు బయటపడింది. దానికి పునాది లేదు. ఇటుకలు సిమెంటు సంచుల మీద పేర్చి ఉన్నాయి. సంచులు అణిగిన కొద్దీ గోడ దిగింది. వడ్రంగి పైకప్పుకు కర్రలు ఆసరా పెట్టాక, ఆ గోడ కూడా కూల్చేశారు. వంటింట్లో నిలబడితే గోతి కనిపించేది. భర్తకు మూడు పూటలూ అక్కడే అన్నం పెట్టింది. అతను తినలేక వదిలేసిన కంచాలు అతన్నే కడగమంది.

పునాది వేసి, మట్టి నింపి, కాంక్రీటు ఆరేసరికి నెలైనా పడుతుందని వడ్రంగి అన్నాడు. గడువు పెంచమని ఆఫీసుకు ఫోన్‌ చేస్తే, వాయిదాలు లేవన్నారు.

పదిహేనో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చింది. సందు తలుపు దగ్గర నిలబడి, గోతినీ, గోడ లేని చోటునీ చూసింది. ఏం దొరికిందో ఆమె దాచకుండా చెప్పింది. సీసాల సంగతి కూడా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు కలం మూత తీసింది.

"షీటు పరిచేసి ఉంటే నేను సంతకం పెట్టేసేదాన్ని. మేం నేల లేపి చూడం. చాలామంది పరిచేస్తారు."

"తెలుసు."

"ఇప్పుడు కొట్టెయ్యక తప్పదు. ఏడాది ఆగాలి."

"కొట్టెయ్యండి మేడమ్‌. మట్టి వేసి, దిమ్మిస కొట్టించాక మళ్లీ పెట్టుకుంటాను."

పాత ల్యాబ్‌లో ఏదైనా డ్యూటీ ఖాళీ ఉందో లేదో కనుక్కోవాలి. ఆమె జాగాలో అప్పుడే ఎవరినో తీసుకున్నారని విన్నది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద "గది లేదు" అని రాసింది. దాని కింద ఆమె సంతకం పెట్టింది. భర్త లోపలి నుంచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇన్‌స్పెక్టరు ముందు చాచాడు. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు. ఇన్‌స్పెక్టరు ఆ చేతుల్ని చూసి, దాహం లేదంది. అతను గ్లాసు భార్య వైపు తిప్పాడు.

"అక్కడ పెట్టండి," అందామె. అని, గ్లాసు ముట్టుకోకుండా ఇన్‌స్పెక్టరును వీధి చివరి దాకా సాగనంపడానికి వెళ్లింది.