మసిగుడ్డ

నేలమాళిగ మెట్లు దిగుతూనే అతను చొక్కా చేతులు పైకి మడిచి, ఎడమ అరచెయ్యి చల్లగొట్టం మీదా, కుడి అరచెయ్యి వేడిగొట్టం మీదా ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి అతని పని ఇలాగే మొదలవుతోంది. గోడకు మీటర్లు వరసగా ఉన్నా వాటి వంక చూసేది తర్వాతే. గొట్టాలకు చుట్టిన నల్లటి తొడుగును అరచెయ్యి పట్టేంత మేర కోసి తీసేసింది కూడా తనే. ఆసుపత్రిలో అందరూ అతన్ని థర్మామీటర్ అంటారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరది. ఇప్పుడు జీతాల గుమాస్తాకైనా అసలు పేరు చటుక్కున గుర్తు రాదు. పైకి విసుక్కుంటాడు గానీ, ఆ పేరంటే అతనికి లోలోపల మహా గర్వం.

ఇవాళ కూడా రెండు గొట్టాలూ ఒక్కలాగే తోచాయి. తప్పు గొట్టాలది కాదు. చక్కెర జబ్బు కాళ్ళ నుంచి మొదలై చేతులకూ పాకింది. కొన్నాళ్ళుగా అరచేతులు తనవి కానట్టే ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంటికి పొమ్మంటారు. ఇంటికి పోతే ఏం చెయ్యాలో అతనికి ఎంత ఆలోచించినా తోచలేదు.

గది మధ్యలో హీట్ పంపు గుర్రుమంటోంది. ఒళ్ళంతా గొట్టాలతో, గచ్చును కాస్త అదురుస్తూ, ఎవరినీ లెక్కచెయ్యనట్టు తన పని తను చేసుకుపోతోంది. పైన ఆపరేషన్ గదులకు చలి కావాలి. కంప్యూటర్ల గదిలో పగలూ రాత్రీ సెగ. పసిపిల్లల వార్డుకేమో వెచ్చదనం కావాలి. ఈ యంత్రం అక్కడి వేడిని లాగి ఇక్కడికి పంపుతుంది. చల్లబరిచేదీ ఇదే, వెచ్చబెట్టేదీ ఇదే, అదీ ఒకేసారి. చూడవచ్చిన వాళ్ళు నోరు వెళ్ళబెడితే, “ఎక్కువైన వాళ్ళ దగ్గర తీసి లేనివాళ్ళకి పెట్టడమేగా, ఇందులో ఏముంది!” అంటూ తనే కనిపెట్టినంత దర్జాగా చెబుతాడు. ఇంట్లో మాత్రం ఆ కిటుకు పనిచెయ్యలేదు. అతనికి ఉక్క, భార్యకు చలి. ఫ్యాను స్విచ్చు దగ్గర పెళ్ళయిన నాటి నుంచీ పేచీయే.

ఆవిడే పొద్దున పట్టేసింది. పొయ్యి మీది గిన్నెను అతను ఒట్టి చేతులతో దించి, తీరిగ్గా గట్టు మీద పెట్టాడు.

“అయ్యో అయ్యో! చెయ్యి కాలుతుంటే తెలీడం లేదూ?”

“ఏమంత కాలలేదులేవే.”

ఆవిడ అరచెయ్యి తిప్పి చూసింది. బొబ్బ లేస్తోంది. మందు రాసింది. తర్వాత వంటింటి మసిగుడ్డ మడిచి అతని జేబులో కుక్కింది.

“ఏది పట్టుకున్నా దీంతో పట్టుకోండి. పని దగ్గర కూడా చెప్పెయ్యండి, మీకు పుణ్యముంటుంది.”

“చెబితే రేపట్నుంచి ఇంట్లోనే. పగలంతా ఆ ఫ్యాను కోసం కొట్టుకు చద్దామా?”

ఆవిడకు నవ్వొచ్చింది గానీ బిగబట్టుకుంది. అతను గబగబా చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఇవాళ పసిపిల్లల వార్డుకు వెళ్ళే వేడిగొట్టంలోని జల్లెడ కడగాలి. వాల్వు మూసి, జల్లెడ విప్పి, పేరుకున్న తుప్పు పొట్టు కడిగి మళ్ళీ బిగించాడు. ఇది అతనికి కళ్ళు మూసుకుని చేసే పని. వాల్వు చక్రాన్ని తిరిగినంత మేర తిప్పి, గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. “ఆఁ, వచ్చేసింది” అని అలవాటు చొప్పున తనలో తనే అనుకుని, క్యారియర్ తెచ్చి పంపు దగ్గరి పెద్ద వేడిగొట్టం వంపులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి మరి. నీళ్ళ సీసా చల్లగొట్టం పక్కన చేరింది. రాజుగారికైనా ఇంత వైభోగం ఉండదని రోజూలాగే ముచ్చటపడ్డాడు.

క్యారియర్ మూత తియ్యబోతుండగా ఫోను మోగింది. పసిపిల్లల వార్డు నర్సు.

“థర్మామీటర్ గారూ, ఇక్కడ గది చల్లబడిపోతోందండీ. పిల్లలకి ఇంకో దుప్పటి చుట్టాం. ఏమైంది?”

అతను వార్డు గొట్టం దగ్గరకు పరుగెత్తి అరచెయ్యి పెట్టాడు. ఏమీ తెలియలేదు. వంగి చెంప ఆనించాడు. గొట్టం చల్లగా ఉంది! పొద్దున తను చెయ్యి ఆనించినప్పుడే చల్లగా ఉండి ఉంటుంది. తుప్పుపట్టి మధ్యలో బిగుసుకున్న చక్రాన్ని పూర్తిగా తెరుచుకుందనుకుని వదిలేశాడు. పక్కనే మీటర్ ముల్లు అడుగుకు దిగి ఉంది. కళ్ళెదుటే ఉన్నదాన్ని చూడలేదు, పనికిరాని చేతిని నమ్మాడు.

జేబులోంచి మసిగుడ్డ లాగి, చక్రానికి చుట్టి, బలమంతా పెట్టి తిప్పాడు. కిర్రుమంది. కదిలింది. చెంపకు సెగ తగిలేదాకా గొట్టాన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. అంత భయం అతను తన బతుకులో ఎరగడు.

అన్నం ముట్టకుండా పైకి వెళ్ళాడు.

“ఇదేంటి, మీరే పైకొచ్చారు!” అంది నర్సు. “వచ్చేసిందండీ వేడి. ఎవరికీ ఏం కాలేదు. చేతులు కడుక్కుని రండి, చూద్దురు గాని.”

ఇన్నేళ్ళూ కింది నుంచి వెచ్చబెట్టిన గదిని అతను లోపలికొచ్చి చూడటం ఇదే మొదలు. ఒకడు నిద్రలోనే మూతి ముడుచుకున్నాడు. ఎవరి మీదో అలిగినట్టు భలే ఉన్నాడు. నర్సు దుప్పటి కాస్త తొలగించి వాడి పాదం చూపించింది. అతను బొబ్బ లేని చేతివేలితో తాకాడు. మెత్తదనం కూడా తెలియలేదు.

“మీరే చెప్పండమ్మా,” అన్నాడు. “వెచ్చగానే ఉన్నాడా?”

“బంగారంలా ఉన్నాడు.”

అతను తలూపి, నేరుగా ఇంజనీరమ్మ గదికి నడిచాడు. వయసుకు కూతురంతది. అంతా విని, “వాల్వు బిగుసుకోవడం మామూలేగా బాబాయ్” అంది.

“వాల్వు సంగతి కాదమ్మా. నా చేతులకి వేడీ చలీ తెలీడం లేదు. చాలా రోజులైంది. దాచాను.”

ఆమె అతని అరచెయ్యి వంక చూసింది. “అయితే మీటర్లు చూసి చెయ్యండి. మిమ్మల్ని పొమ్మన్నదెవరు?”

“ముందు చెయ్యే గొట్టం మీదికి పోతుందమ్మా. కన్ను ఆ తర్వాతే. ఈలోపు పైన పిల్లలకి చలేస్తుంది. ఇవాళ్టితో నన్ను వదిలెయ్యండి.” అనేశాక ఒళ్ళు తేలికైంది. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, ఆకలేసింది.

కిందికొచ్చి వేడివేడి అన్నం మెతుకు మిగలకుండా తిన్నాడు. సాయంత్రం పని చూసేవాడు ముందే వచ్చాడు. జల్లెడ సంగతి, చక్రం మొండితనం అన్నీ అతనికి అప్పగించి, “అది మధ్యలో మోసం చేస్తుంది, ముల్లు చూడందే నమ్మకు” అని హెచ్చరించాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

“ఇవాళ ఫ్యాను వెయ్యనులే. వచ్చేస్తున్నా.”

“ఇంత పెందలాడే?”

“ఇకనుంచీ ఇంతే.”

“ఇవాళ్టికి తిరగనివ్వండి లెండి,” అంది ఆవిడ. “నేను దుప్పటి కప్పుకుంటాను.”

అతను నవ్వుకున్నాడు. చల్లగొట్టానికి పట్టిన చెమటను మసిగుడ్డతో చివరిసారి తుడిచి, దాన్ని వేడిగొట్టం మీద ఆరేశాడు. క్యారియర్ చేతికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు. మసిగుడ్డ మాత్రం అక్కడే ఉండిపోయింది, కొసల నుంచి కొంచెం కొంచెంగా ఆరుతూ.