ఎలుకలు తిన్న ముగింపు

గిన్నెలో మైదా జిగురు చిక్కబడేదాకా తిప్పి, వీరేశ్ ఆ నవల వీపుకు మరోసారి పూశాడు. జహీరాబాద్ మిత్రమండలి గ్రంథాలయంలో అటెండరుగా అతనికిది ఆఖరి రోజు. పొట్టి మనిషి. చొక్కా చేతుల మీద ఎప్పుడూ జిగురు ఎండి పెళుసుగా ఉంటుంది. ఆ బీరువాల్లో అతను అతికించని పుస్తకం లేదు. అతన్ని భయపెట్టే పుస్తకం మాత్రం ఇదొక్కటే.

పేరు ‘మెట్రో కింద మాంత్రికుడు’. పదహారేళ్ల విహారి హైదరాబాద్ మెట్రో స్తంభాల కింద దయ్యాలతో తలపడే కథ. వీరేశ్‌ది జిగురు ధారాళంగా పూసే చెయ్యి. మైదా వాసనకు ఎలుకలొచ్చి చివరి పేజీలన్నీ తినేశాయి. అప్పటికి అతను కూడా అంతదాకా చదవలేదు. మాట పడాల్సి వస్తుందని గుట్టుచప్పుడు కాకుండా అట్ట వేసేశాడు. తర్వాత ఎవరొచ్చి చివరికేమైందని అడిగినా, తను ముందే చదివినట్టు, వాళ్ల ముఖం చూసి ఒక ముగింపు చెప్పి పంపేవాడు. ఒక్కొక్కరూ ఒక్కో వేళకు వస్తారు కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. ఇవాళ సన్మానమని అందరూ ఒక్కసారే వచ్చారు. పరువుగా గడప దాటితే చాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

శాలువా కప్పారు. మైసూర్‌పాక్ పంచారు. అంతలో ఫ్యాక్టరీ ఇంజనీరు భార్య కనకదుర్గ బల్లమీది నవల అందుకుంది.

“ఈ కుర్రాడికి పొగరెక్కువండీ. కానీ చివర్లో వాళ్లమ్మ కాళ్లమీద పడ్డాడని వీరేశ్ గారు చెప్తుంటే ఏడ్చేశాను.”

“అమ్మ యాడికెల్లి వచ్చిందమ్మా?” పెన్షనర్ నర్సింగ్ లేచాడు. “పోరడు సచ్చిపాయె గదా! గందుకే నాకు మస్తు నచ్చింది.”

“సచ్చుడేంది సార్?” అన్నాడు ఝరాసంగం రూటులో ఆటో నడిపే సాల్మన్. “దయ్యాలను తరిమి, పరీక్ష రాసి, పది పాసైండు.”

ముగ్గురూ వీరేశ్ వైపు తిరిగారు. అతని మెడ శాలువాలోకి కుంగిపోయింది.

“చివరి పేజీలు ఎలుకలు తిన్నయి. నేను గూడ మిగిలిన పేజీలదాంకనే చదివిన. మీ మొఖాలు జూసి చెప్పిన,” అంటూ శాలువా తీసి బల్లమీద పెట్టబోయాడు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏందీ?” నర్సింగ్ గొంతు లేచింది. “నా మొఖం జూస్తె నీకు సావు యాదికొచ్చిందా?”

హాలంతా గొల్లున నవ్వింది. కనకదుర్గ నవ్వు ఆపుకుంటూ ఫోన్ తీసింది. “ఉండండి, కొత్త కాపీ తెప్పిస్తాను. అసలేం జరిగిందో తేలిపోతుంది.”

సాల్మన్ గబుక్కున అడ్డం వచ్చాడు. “వద్దమ్మా. నా కొడుకు పది తప్పి ఇంట్ల కూసున్నడు. వీరేశన్న చెప్పిన కథ చెప్తే మల్ల పుస్తకం పట్టిండు. పరీక్ష అయ్యేదాంక జర ఆగుండ్రి.”

కనకదుర్గ ఫోన్ సంచిలో వేసేసింది. నర్సింగ్ శాలువాను తిరిగి వీరేశ్ భుజాల మీద కప్పాడు. “పోతె పోయినవ్ గని, నా ముగింపు జర మార్చిపో,” అని గొణిగాడు.

వీరేశ్ జిగురు గిన్నె కడిగి బోర్లించాడు. సాల్మన్ నడిపే ఆటోలో, అతని పక్కనే ముందు సీటు అంచున కూర్చుని వెళ్లిపోయాడు.

బల్ల మీద నవల ఉండిపోయింది. దాని వీపున జిగురు ఇంకా ఆరలేదు, అట్టకు ముందు మిగిలిన ఆఖరి మాటలు: ‘విహారి తలుపు తోసి’.